ఉత్తరాలు వచ్చిన ఊరికి వెళ్లొచ్చాం!

* బెంగళూరు నుంచి ఇరవై ఇద్దరు తెలుగువాళ్లు.. స్పెయిన్‌లో పది రోజులు
* తిరిగింది మూడు నగరాలు.. గుర్తుండిపోయింది ఒక్క మధ్యాహ్నం

బెంగళూరు: టూరుకు ముందు మారతహళ్లిలోని ఓ హాలులో అందరినీ కూర్చోబెట్టారు. ఏం తీసుకెళ్లాలి, ఏం తీసుకెళ్లకూడదు అని చెప్పాక ‘డౌట్లు ఏమైనా ఉంటే అడగండి’ అన్నారు. ‘అక్కడ అన్నం దొరుకుతుందా?’.. ఇది మొదటి ప్రశ్న. ‘పచ్చడి సీసా విమానంలో రానిస్తారా?’.. ఇది రెండోది. అందరూ అయిపోయాక వెనక వరసలోంచి ఒకామె లేచింది. ‘బార్సిలోనాలో ఒక్క పూట నన్ను వదిలేస్తారా సార్? అక్కడ ఒకరిని కలవాలి’ అంది. టూర్ మేనేజరు కాగితం చూసి, ఆ పూట షాపింగు ఉందమ్మా, తరవాత చూద్దాం అన్నాడు.

కల్యాణదుర్గం దగ్గరి పల్లె ఆమెది. ముప్ఫయ్యేళ్లుంటాయి. ఇప్పుడు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. పేరు రాయొద్దంది. ఆ ‘ఒకరు’ ఎవరన్నది మాకు మాడ్రిడ్ దాటాక గానీ తెలీలేదు.

అనంతకు, బార్సిలోనాకు ఏం చుట్టరికం?

అనంతపురం వాళ్లనెవరినైనా అడగండి. స్పెయిన్ అంటే ముందు ఫుట్‌బాల్ గుర్తు రాదు. ఫాదర్ ఫెర్రర్ గుర్తొస్తారు. విన్సెంట్ ఫెర్రర్ పుట్టింది 1920లో, బార్సిలోనాలో. జెస్యూట్ మిషనరీగా 1952లో మన దేశం వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతులతో బావులు తవ్వించారు. గిట్టనివాళ్లు గొడవ చేయడంతో 1968లో దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే తిరిగొచ్చారు. ఈసారి అడుగుపెట్టింది కరవుసీమ అనంతపురంలో. 1969లో మొదలైన ఆర్డీటీ ఆ తరవాత ఇళ్లు కట్టింది, బడులు నడిపింది, ఆసుపత్రులు పెట్టింది. మతసంస్థను వదిలేసి 1970లో అన్నే ఫెర్రర్‌ను పెళ్లాడిన ఆయన ఇక్కడే ఉండిపోయారు. 2009 జూన్ 19న ఇక్కడే కన్నుమూశారు. బత్తలపల్లిలో సమాధి ఉంది. 2022లో జిల్లాలు విడిపోయాక ఆ మండలం శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది.

ఈ పనులకు డబ్బు ఎక్కడిది? అక్కడే ఉంది కిటుకు. స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలు ఒక్కో పిల్లవాడికో, పిల్లకో ‘స్పాన్సర్’గా ఉండి నెలనెలా కొంత పంపేవి. 1996లో బార్సిలోనాలో ఆయన పేరిట ఫౌండేషన్ కూడా వెలిసింది. పిల్లలు ఇక్కడి నుంచి తెలుగులో ఉత్తరాలు రాస్తే, అనువాదంతో కలిపి అక్కడికి చేరేవి. అక్కడి నుంచి జవాబులొచ్చేవి. కొందరు స్పాన్సర్లు బెంగళూరులో దిగి, కారులో రెండొందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి పల్లెలకూ వచ్చేవారు. టెన్నిస్ వీరుడు రఫెల్ నాదల్ 2010లో అనంతపురం వచ్చి తన పేరిట టెన్నిస్ బడి ప్రారంభించింది కూడా ఈ చుట్టరికంతోనే.

స్పెయిన్ వాళ్లు మన ఊళ్లకు రావడం అందరం చూశాం. మన వాళ్లు వాళ్ల ఊరికి వెళితే ఎలా ఉంటుంది? 2025 మే చివరి వారంలో బయల్దేరిన మా బృందానికి అదే అనుభవం. మేం పోయింది సేవకో, సభకో కాదు. మనిషికి రెండున్నర లక్షలకు పైగా కట్టి, జెండా పట్టుకున్న గైడు వెనక నడిచే మామూలు గ్రూప్ టూరు. రిటైరైన బ్యాంకు ఉద్యోగి దంపతులు, వైట్‌ఫీల్డ్ సాఫ్ట్‌వేరు జంటలు, కోలారు నుంచి ఒక సంగీతం టీచరమ్మ, మనవరాలితో వచ్చిన హిందూపురం అవ్వ.. ఇదీ బృందం.

తొమ్మిదైనా పొద్దు గూకదు!

దేవనహళ్లిలో విమానమెక్కి, దుబాయ్‌లో మారి, మాడ్రిడ్‌లో దిగాం. మొదటి రోజు అంతా ఉరుకులు పరుగులే. దేశంలోని రోడ్లకు సున్నా కిలోమీటరు రాయి ఉన్న ప్యూర్తా దెల్ సోల్ కూడలి, పక్కనే నాలుగు వైపులా మేడలు కట్టిన ప్లాసా మాయోర్, రాజభవనం.. దిగడం, ఫొటో, ఎక్కడం. సాయంత్రం ఏడింటికి ఇండియన్ హోటల్లో భోజనం. ఎనిమిదింటికల్లా గదుల్లో పడేశారు.

కిటికీ తెరిస్తే బయట ఎండ! తొమ్మిదైనా పొద్దు గూకలేదు. దీనికో కారణముంది. భూగోళం మీద స్పెయిన్ బ్రిటన్‌కు సరిగ్గా దిగువన ఉంటుంది. కానీ 1940 నుంచి అక్కడి గడియారం జర్మనీ సమయంతో నడుస్తోంది. దానికి తోడు వేసవిలో ఇంకో గంట ముందుకు తిప్పుతారు. అందుకే సూర్యుడు లెక్కకు ఆలస్యం. మనుషులూ అంతే. మధ్యాహ్న భోజనం రెండు, మూడింటికి. రాత్రి భోజనం తొమ్మిది, పదింటికి. మేం ఏడింటికి తిని పడుకుంటే, ఊరికి సాయంత్రం అప్పుడే మొదలవుతోందన్నమాట.

‘ఏమప్పా, ఈ టైములో నిద్ర ఎట్ల పడుతుంది? అట్ల నడిచొద్దాం రాండి’ అన్నారు బ్యాంకు పెద్దాయన. నలుగురం బయటపడ్డాం. రెండు వీధులు దాటితే చిన్న కూడలి. మధ్యలో బెంచీలు, చుట్టూ కాఫీ హోటళ్ల బల్లలు. ముసలివాళ్లు ఓ వరసలో కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూస్తున్నారు. తోపుడు బండిలో పసిబిడ్డ. రాత్రి పదింటికి పిల్లలు గోడకు బంతి తన్నుతుంటే ఎవరూ కసరడం లేదు. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో కుటుంబం. తినడం అయిపోయినా లేవరు. బిల్లు తెచ్చి ముందర పెట్టి లేపేవాళ్లూ లేరు. భోజనమయ్యాక అలా కూర్చుని మాట్లాడుకోవడానికి వాళ్ల భాషలో ప్రత్యేకంగా ఓ మాటే ఉంది.. ‘సోబ్రెమేసా’. పెద్దాయన ఓ బెంచీలో కూలబడి, ‘ఇది మా ఊరి రచ్చకట్టే కదా! మా ఊళ్లో ఇప్పుడు లేదు గానీ’ అన్నారు.

మరుసటి రోజు నుంచి రాత్రి నడక మాకు అలవాటైంది. నలుగురం కాస్తా తొమ్మిది మందిమయ్యాం. 

మ్యూజియాలూ చూశాం. 1819లో తెరిచిన ప్రాదోలో వెలాస్కెస్ గీసిన రాచబిడ్డ చిత్రం ముందు గైడు అరగంట మాట్లాడింది. రైనా సోఫియాలో పికాసో ‘గెర్నికా’ ఉంది. దాదాపు ఎనిమిది మీటర్ల పొడవు. 1937 ఏప్రిల్ 26న విమానాలు బాంబులు కురిపించి ఆ పేరుగల ఊరిని తగలబెడితే, ఆ ఏడాదే పికాసో గీశాడు. నియంత ఫ్రాంకో పాలన పోయి ప్రజాస్వామ్యం వచ్చాక, 1981లో గానీ ఆ బొమ్మ స్పెయిన్‌కు చేరలేదు. చచ్చిన బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్న తల్లి బొమ్మ దగ్గర హిందూపురం అవ్వ ఆగిపోయింది. గైడు చెప్పింది ఆమెకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ‘ఎవరు పాపం?’ అని అడిగింది. అంతసేపు గైడు చెప్పినదానికంటే ఆ ప్రశ్నే మాకందరికీ బాగా తగిలింది.

మాంసం వద్దంటే చేప పెట్టారు

మూడో రోజు మధ్యాహ్నం ఇండియన్ హోటలు వద్దని, వాళ్లు తినే చోటే తిందామని పట్టుబట్టాం. అక్కడ పని రోజుల్లో మధ్యాహ్నం ‘మెనూ దెల్ దియా’ అని ఉంటుంది. ఒక రేటు కడితే మొదట ఒకటి, తరవాత ఒకటి, రొట్టె, తాగడానికేదైనా, చివర్లో తీపో, కాఫీయో. మన మీల్స్ టికెట్టు లెక్కే.

బృందంలో సగం మంది శాకాహారులు. ‘మాంసం వద్దు’ అని మేనేజరు చెప్పాడు. సలాడ్ వచ్చింది. దాని మీద ట్యూనా చేప! ‘మాంసం లేదు కదా, ఇది చేప’ అన్నాడు వడ్డించే ఆయన, నిజంగానే ఆశ్చర్యపోతూ. ఆ తప్పు మాదే. ‘సిన్ కార్నే, ని పెస్కాదో, ని జామోన్’ అనాలట. మాంసం లేకుండా, చేప లేకుండా, పంది తొడ మాంసం లేకుండా అని విడివిడిగా మూడూ చెప్పాలి. ఆ వాక్యాన్ని అవ్వ మనవరాలు చీటీల మీద తెలుగులో రాసి అందరికీ పంచింది. ఆ చీటీలే మమ్మల్ని మిగతా రోజులు కాపాడాయి.

చీటీ పుణ్యమా అని మంచివే దొరికాయి. చల్లటి టమోటా చారు ‘గస్పాచో’. పచ్చిమిర్చిలాంటి చిన్న కాయల్ని నూనెలో వేయించి ఉప్పు చల్లిన ‘పద్రోన్’ మిరపకాయలు. వాటిలో ఎక్కువ చప్పగా ఉంటాయి, ఎక్కడో ఒకటి చురుక్కుమంటుంది. ‘మిరపకాయ బజ్జీకి శనగపిండి వేయడం మర్చిపోయినట్లున్నారు’ అంది కోలారు టీచరమ్మ. నవ్వుకున్నాం గానీ, అసలు మిరపకాయ మనదెక్కడిది? అమెరికా ఖండాల కాయ అది. కొలంబస్ ప్రయాణాల తరవాత స్పెయిన్ చేరింది. మన దేశానికి తెచ్చింది పోర్చుగీసు వాళ్లు. టమోటా, ఉర్లగడ్డ కూడా అమెరికా నుంచి యూరప్ మీదుగా మనకొచ్చినవే. గుంటూరు కారం గొప్పలు చెప్పేముందు ఆ ఓడలకూ ఓ దండం పెట్టాలి. ఇంకోటి.. బట్టల బీరువాను వాళ్లు ‘అర్మారియో’ అంటారు. పోర్చుగీసు నుంచి మనకొచ్చిన ‘అల్మారా’కు అది సొంత అక్క!

సెవిల్‌లో పన్నెండు దెబ్బల తాళం

మాడ్రిడ్ నుంచి సెవిల్‌కు రెండున్నర గంటల రైలు. ఆ దేశపు మొట్టమొదటి హైస్పీడ్ మార్గమది. 1992లో వేశారు. దిగగానే బెంగళూరు వాళ్లమంతా ఒకేసారి ‘అరె!’ అన్నాం. వీధుల వెంట ఊదారంగు జకరండా పూలు! మన కబ్బన్ పార్కు దగ్గర మార్చిలో పూసే చెట్లే. ఇక్కడ మే నెలలో పూస్తాయి. ఇక్కడివీ, అక్కడివీ.. రెండూ దక్షిణ అమెరికా నుంచి తెచ్చి నాటినవే.

ఎండ మాత్రం అనంతపురం ఎండే. దానికి వాళ్లు చేసుకున్న ఏర్పాటు చూడాల్సిందే. ఇరుకు వీధుల్లో ఈ మేడ నుంచి ఆ మేడకు పెద్దపెద్ద గుడ్డలు కట్టి నీడ చేస్తారు. ఇళ్ల లోపల నడవా, మధ్యలో మొక్కలు. మన మండువా లోగిలే. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా చిన్న దుకాణాలు చాలావరకు మూత. ‘పని దొంగలు’ అన్నాడు మా సాఫ్ట్‌వేరు తమ్ముడొకడు. రాత్రి తొమ్మిదికి అవే దుకాణాల్లో జనం కిటకిటలాడుతుంటే మాట వెనక్కి తీసుకున్నాడు.

పెద్ద చర్చి పక్కన హిరాల్దా గోపురం ఉంది. ముస్లింల కాలంలో మసీదు మినారు. తరవాత గంటల గోపురమైంది. పైకి మెట్లు లేవు, ముప్ఫై అయిదు వాలు దారులు. అజా ఇచ్చే ఆయన గుర్రం మీద పైకెళ్లేందుకు వీలుగా అలా కట్టారని చెబుతారు. మెట్లు లేవు కాబట్టి అవ్వ కూడా సగం దాకా ఎక్కింది.

రాత్రి నది అవతల త్రియానా పేటలో ఫ్లమెంకో. చిన్న గది. గిటారు ఒకటి, పాడే ఆయన ఒకరు, ఆడే ఆమె ఒకరు. మిగిలింది చప్పట్లే. పాట మొదలైన కాసేపటికి కోలారు టీచరమ్మ చెయ్యి తనకు తెలియకుండానే తొడ మీద తాళం వేస్తోంది. రెండుసార్లు తప్పింది. మూడోసారి పట్టేసింది. ‘పన్నెండు.. పన్నెండు దెబ్బల ఆవృతం! మూడు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు మీద బరువు’ అంది గుసగుసగా. అది సొలేయా అనే రకమట. సరిగ్గా లెక్క కట్టింది!

ఆ పాటను పెంచి పోషించినవాళ్లు హితానోలు.. అంటే స్పెయిన్‌లోని రోమా జనం. వాళ్ల పూర్వీకులు దాదాపు వెయ్యేళ్ల కిందట వాయవ్య భారతం నుంచి కదిలినవాళ్లని భాషాశాస్త్రం, జన్యుశాస్త్రం రెండూ చెబుతున్నాయి. స్పెయిన్‌లో వాళ్ల ప్రస్తావన 1425 నుంచి కనిపిస్తుంది. ఆ తరవాత శతాబ్దాల పాటు వెలివేతలు, వేధింపులే. వాళ్ల గొంతులోని ఆ పాటకే 2010లో యునెస్కో గుర్తింపు దక్కింది. మేం చూసిన పాటగాడి మొహం చూస్తే మన ఊళ్లో ఎవరో ఎరిగిన మనిషిలాగే అనిపించాడు.

ఆ రాత్రే నడకలో కల్యాణదుర్గం అమ్మాయి తన సంగతి చెప్పింది. ఆరేళ్లప్పటి నుంచి ఇంటర్ దాకా తనకొక స్పాన్సర్ ఉండేదట. బార్సిలోనాలో. సంస్థ ద్వారా అడిగి, ఆవిడ ఒప్పుకున్నాక కలిసే ఏర్పాటు చేసుకుంది. ‘ఊళ్లో అందరూ ఫారినమ్మ, పెద్ద బంగళా ఉంటుంది అనేవాళ్లు. నేనూ అదే అనుకుంటా పెరిగినా. ఆమెకు ఏం తీస్కపోవాల్నో తెలీక చెనక్కాయల చిక్కీ తెచ్చినా అన్నా’ అంది. టూర్ కార్యక్రమంలో ఆ పూట ఊరి బయటి షాపింగు మాల్ ఉంది. బస్సు ఒక్కటే. ఒక్కదాన్నే వదిలితే మాకు బాధ్యత అంటున్నాడు మేనేజరు. పాపం, అతని తప్పూ కాదు.

పెద్దాయన తేల్చేశారు. ‘మాల్ మాకు మారతహళ్లిలో లేదా? నేనూ ఆ పాపతోనే పోతా.’ ఒక్కరొక్కరే చేతులెత్తారు. మొత్తం ఏడుగురం. మేనేజరు నవ్వి, ‘ఆయ్తు సార్, ఏడుగురు ఉంటే నాకు భయం లేదు’ అన్నాడు.

రెండు భాషల ఊరు

సెవిల్ నుంచి బార్సిలోనాకు రైల్లో అయిదున్నర గంటలు. దిగగానే బోర్డుల మీద ఇంకో భాష. అది కతలాన్. స్పానిష్‌కు యాస కాదు, వేరే భాషే. ఫ్రాంకో ఏలిన 1939-75 మధ్య ఆ భాషను బడుల నుంచి, ఆఫీసుల నుంచి వెళ్లగొట్టారు. ఇప్పుడు బడిలో అదే, వీధి బోర్డులో అదే. ‘బ్వేనోస్ దియాస్’ అంటే స్పానిష్‌లో శుభోదయం. జవాబు మర్యాదగానే వస్తుంది. ‘బోన్ దియా’ అని కతలాన్‌లో అని చూడండి. కొట్టాయన మొహం విప్పారుతుంది.

ఇది బెంగళూరులో ఉంటున్న మనకు వేరే చెప్పాలా? బోర్డుల్లో 60 శాతం కన్నడ ఉండాలని 2024లో చట్టం తెచ్చినప్పుడు మనలో కొందరు గొణిగారు. కానీ ‘నమస్కార, చెన్నాగిదీరా?’ అని మొదలుపెడితే ఇంటి ఓనరైనా, ఆటో ఆయనైనా ఎంత మారతారో మనకు తెలుసు. వేరే ఊరి అన్నం తినేవాళ్లకు ఆ ఊరి పలకరింపు రావాలి. అంతే!

ఊరి ప్లాను కూడా చూడదగ్గది. ఐశాంప్లా అనే పేటను 1859లో సెర్దా అనే ఇంజినీరు గీశాడు. అన్నీ ఒకే కొలత చదరాలు. ప్రతి చదరం మూలలు కోసేసి ఉంటాయి. నాలుగు దారులు కలిసే ప్రతి చోటా వెలుతురు, గాలి. జయనగర్ బ్లాకులు కట్టినవాళ్లకు తాత అనుకోవచ్చు. ఆ చదరాల మధ్యే సగ్రాదా ఫమీలియా చర్చి. 1882లో మొదలుపెట్టారు, మరుసటి ఏడాది గౌదీ చేతికొచ్చింది. 1926లో ఆయన్ను ట్రామ్ గుద్దితే, బట్టలు చూసి బిచ్చగాడనుకున్నారు. మూడు రోజులకు పోయాడు. మేం చూసినప్పుడు క్రేన్లు తిరుగుతూనే ఉన్నాయి. మేం వచ్చేశాక, 2025 అక్టోబరులో, జర్మనీలోని ఉల్మ్ చర్చిని దాటి ప్రపంచంలోనే ఎత్తైన చర్చి అయింది.

మూడో అంతస్తులో ఆ మధ్యాహ్నం

గ్రాసియా ఒకప్పుడు వేరే ఊరు. 1897లో బార్సిలోనాలో కలిపేశారు. ఇప్పటికీ చిన్న వీధులు, చిన్న కూడళ్లు. మేం వెతికిన ఇల్లు మూడో అంతస్తు. లిఫ్టు లేదు. బంగళా కాదు, రెండు గదులు. తలుపు తీసిన ఆవిడకు డెబ్భై ఎనిమిదేళ్లు. బట్టల కొట్లో లెక్కలు రాసి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. ఏడుగురిని చూసి బిత్తరపోయి, తరవాత పక్కింటి నుంచి కుర్చీలు తెప్పించారు. ఇంగ్లీషు తెలిసిన పక్కింటి కుర్రాడే మాకు దుబాసీ.

ఇద్దరూ ఓ నిమిషం చేతులు పట్టుకుని నిలబడిపోయారు. ఎవరికీ మాట రాలేదు. తరవాత ఆవిడ లోపలికెళ్లి ఒక అట్ట ఫైలు తెచ్చారు. పన్నెండేళ్ల ఉత్తరాలు. వరస తప్పకుండా.

మా అమ్మాయి సిగ్గుపడిపోయింది. ‘ఏముందమ్మా వాటిలో? నేను బాగున్నాను, మీరు బాగున్నారని తలుస్తాను, బాగా చదువుతున్నాను.. ప్రతిసారీ అదే. పెద్దోళ్లు చెప్పింది రాసేదాన్ని. ఏం రాయాల్నో తెలీక కింద నెమలి బొమ్మ వేసేదాన్ని’ అంది. కుర్రాడు అది చెప్పగానే ఆవిడ గట్టిగా నవ్వారు. అన్నీ ఒకేలా ఉండేవని తనకూ తెలుసట. అందుకే మాటలు చదవడం మానేసి అక్షరాలు చూసేవారట! మొదటి ఉత్తరంలో గీతలు దాటిన పెద్దపెద్ద అక్షరాలు. మూడో ఏట గీతల మీద నిలబడ్డాయి. ఏడో ఏటికి గుండ్రంగా తిరిగాయి. ఒక ఏడాది మాత్రం అక్షరాలు వంకరపోయాయి. ఆ ఏడాది ఏమైంది, నీకు జబ్బు చేసిందా అని ఆవిడ అడిగారు.

అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వాళ్ల నాయన పోయిన ఏడాది అది. ఆ సంగతి ఉత్తరంలో రాయలేదు. ఎనిమిది వేల కిలోమీటర్ల అవతల, తెలుగు ఒక్క అక్షరం రాని మనిషి, చేతిరాత చూసి కనిపెట్టింది.

తరవాత సోబ్రెమేసా మొదలైంది. టమోటా రుద్దిన రొట్టె, ఆలివ్ నూనె, కాఫీ, అనంతపురం చిక్కీ. మూడు గంటలు ఎవరం లేవలేదు. పది రోజుల్లో స్పెయిన్ ఇంటి లోపల కూర్చుంది ఆ ఒక్క పూటే.

మేమూ ఆ గుంపులో వాళ్లమే

మాటల్లో ఇంకో సంగతీ తెలిసింది. ఆవిడది అద్దె ఇల్లు. నలభై ఏళ్లుగా అక్కడే. పై అంతస్తు ఇల్లు ఖాళీ అయ్యాక టూరిస్టులకు రోజు అద్దెకు ఇస్తున్నారు. తనకు కూడా ఒప్పందం అయిపోయాక ఏమవుతుందో తెలియదని, ఆ మాట అంటూ కాఫీ కప్పులు సర్దారు.

పదిహేడు లక్షల జనాభా ఉన్న ఊరికి ఏటా కోటికి పైగా టూరిస్టులు వస్తారు. 2024 జులైలో అక్కడి జనం వీధుల్లో ఊరేగింపు తీసి, హోటళ్ల బయట కూర్చున్న టూరిస్టుల మీద నీళ్ల తుపాకులతో చల్లారు. అంతకు ముందు నెలలోనే నగర మేయరు ప్రకటన చేశారు.. 10,101 టూరిస్టు అపార్టుమెంట్ల లైసెన్సులు 2028 నవంబరు నాటికి ఆపేస్తామని. టీవీలో చూసినప్పుడు ‘అతిథులతో ఇదేం మర్యాద’ అనుకున్న వాళ్లం మేమే. ఆ వంటింట్లో కూర్చున్నాక అలా అనిపించలేదు. జీతాలు పెరిగినవాళ్లు వచ్చి చేరాక బెళ్లందూరులో, వైట్‌ఫీల్డ్‌లో అద్దెలు ఎలా పెరిగాయో, పాత కాపురాలు ఎటు పోయాయో మనకు తెలియనిదా? ఇక్కడ ఆ గుంపులో మనమే ఉన్నాం. అక్కడా ఉన్నాం.

అలాగని వెళ్లొద్దని కాదు. ఆవిడే అన్నారు.. రండి, కానీ జెండా వెనక పరిగెత్తేవాళ్లలా కాదు, ఇలా కూర్చునేవాళ్లలా రండి అని.

వచ్చేటప్పుడు ఆవిడ ఉత్తరాల ఫైలు వెనక్కి ఇవ్వలేదు. అవి నావి అన్నారు. మెట్లు దిగుతుంటే పైనుంచి కుర్రాడితో ఓ మాట చెప్పించారు.. ఇంకో ఉత్తరం రాయి, ఈసారి ఎవరూ చెప్పకుండా రాయి అని.

బెంగళూరు చేరి రెండు వారాలయ్యాక ఫోన్ చేసి అడిగాను, రాశావా అని.

‘మూడు పేజీలైంది అన్నా. ఇంకా అయిపోలేదు. నెమలి బొమ్మకు చోటు లేదు!’ అంది.

----

వెళ్లాలనుకుంటే..

* స్పెయిన్ వీసా దరఖాస్తు కేంద్రం బెంగళూరులోనే ఉంది. షెంగెన్ వీసా రుసుం పెద్దలకు 90 యూరోలు (2024 జూన్ నుంచి). సర్వీసు చార్జీలు అదనం.
* ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి, కనీసం 15 రోజుల ముందు దాకా దరఖాస్తు చేసుకోవచ్చు. వేసవి సెలవులకైతే ముందే చేసుకోవడం మేలు.
* కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ట్రావెల్ ఇన్సూరెన్సు తప్పనిసరి.
* సగ్రాదా ఫమీలియా టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. అక్కడికెళ్లి కొందామంటే దొరకవు.
* మనకూ వాళ్లకూ సమయం తేడా వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర.
* బార్సిలోనాలో రాంబ్లా వీధిలో, మెట్రోల్లో జేబుదొంగలు ఎక్కువ. పాస్‌పోర్టు లోపలి జేబులో ఉంచుకోండి.
* శాకాహారులు గుర్తుంచుకోవాల్సిన మాట: ‘సిన్ కార్నే, ని పెస్కాదో, ని జామోన్’.
* గ్రూప్ టూరు మాట్లాడుకునేటప్పుడే ప్రతి ఊళ్లో ఒక పూట ఖాళీ ఇమ్మని అడగండి. రాత్రి భోజనం ఒక్క రోజైనా తొమ్మిది దాటాక, వాళ్ల కూడలిలో చేయండి.